ఎర్రర్ పేజీ పెట్టే ముందు ఇవి చూసుకోండి

తిరుపతిలో లాడ్జీల, ట్రావెల్స్ వెబ్‌సైట్లు చూసుకునేవాళ్ల కోసం రాస్తున్నాను. బ్రహ్మోత్సవాల రద్దీలో, బస్టాండులో పిల్లలతో నిలబడి ఫోన్‌లో గది వెతుక్కునే మనిషికి తెల్లటి పేజీ మీద ‘నాట్ ఫౌండ్’ అని మాత్రమే కనిపిస్తే ఎంత టెన్షన్!

• మీ సైటు అపాచీ అనే వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంటే, ముందు దాని సెట్టింగులుండే డాట్ హెచ్‌టీయాక్సెస్ (.htaccess) ఫైలు కాపీ తీసి పెట్టుకోండి. అందులో ఒక్క అక్షరం తప్పినా సైటంతా 500 ఎర్రర్ (సర్వర్ లోపలి లోపం) చూపించవచ్చు. రద్దీ రోజుల్లో ఈ పని వద్దు.

• ఏ ఎర్రర్‌కు ఏ పేజీ చూపాలో ఆ ఫైలులో చెప్పే ఎర్రర్‌డాక్యుమెంట్ (ErrorDocument) వరుసలో మీ ఎర్రర్ పేజీ దారిని స్లాష్ (/)తో మొదలుపెట్టండి. హెచ్‌టీటీపీతో పూర్తి చిరునామా ఇస్తే అపాచీ అటు దారి మళ్లిస్తుంది, ‘పేజీ లేదు’ అని చెప్పే 404 కోడ్ బ్రౌజర్‌కు అందదు. అప్పుడు లేని పేజీ కూడా ఉన్నట్టే గూగుల్‌కు కనిపిస్తుంది. చాలామంది ఇక్కడే పొరబడతారు. పేజీ కంటికి బాగుంటే చాలదు, బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి 404 వస్తోందో లేదో చూడండి. ఇదే కారణంగా, తప్పు లింకులన్నిటినీ హోమ్ పేజీకి తోసేయడం నాకు నచ్చదు.

• 500 పేజీ ఉత్త హెచ్‌టీఎంఎల్‌లోనే ఉండాలి. డేటాబేస్ పడిపోయినప్పుడు ఆ పేజీకీ డేటాబేసే కావాలంటే ఎలా?

• ఎర్రర్ పేజీలో వాడే బొమ్మల దారులూ స్లాష్‌తోనే మొదలుపెట్టండి.

• ఎర్రర్ పేజీల్లో సర్వర్ వెర్షన్, సర్వర్‌లోని ఫైళ్ల దారులు బయటపెట్టకండి.

• తెలుగుతో పాటు తమిళంలో, హిందీలో ఒక్కో వాక్యం, నొక్కగానే కాల్ వెళ్లే రిసెప్షన్ నంబరు తప్పకుండా పెట్టండి. మన దగ్గరికి వచ్చేవాళ్లలో తమిళనాడు యాత్రికులు చాలామంది.