ఫిస్టులా సంరక్షణ – 4వ పాఠం: మూసిన రంధ్రం మళ్లీ ఎందుకు తెరుచుకుంటుంది?

పోయిన పాఠంలో మూత్రాశయానికీ యోనికీ మధ్య పడిన రంధ్రాన్ని, అంటే ఫిస్టులాను కొలవడం నేర్చుకున్నాం. ఆపరేషన్ చేశాక అది మళ్లీ తెరుచుకునే ప్రమాదం ఎవరికి ఎక్కువో ముందే పసిగట్టడం ఈసారి పాఠం.

కొత్తవాళ్లు ముందు సైజు అడుగుతారు. అదీ ముఖ్యమే. ఫిస్టులాలను రకాలుగా విభజించే గో (Goh) వర్గీకరణలో 3 సెంటీమీటర్లు దాటితే పెద్దదే. కానీ నన్నడిగితే సైజు కన్నా ముందు మచ్చను, అంటే గాయం మానినచోట గట్టిపడిన కణజాలాన్ని చూడాలి. పరీక్ష చేసేటప్పుడు గ్లవ్స్ వేసుకున్న వేలితో రంధ్రం అంచు చుట్టూ నెమ్మదిగా తడమండి. మెత్తగా, బుగ్గ లోపలి పొరలా కదిలితే సగం భయం పోయినట్టే. గట్టిపడి, ఎముకకు అతుక్కుపోయి కదలకపోతే జాగ్రత్త పడాలి. అక్కడ రక్తప్రసరణ తక్కువ. అంచుల్ని లాగి కుట్టాల్సి వస్తుంది, బిగుతుగా లాగిన కుట్టు నిలవదు.

కాన్పు ముందుకు సాగక బిడ్డ తల గంటల తరబడి, రోజుల తరబడి మూత్రాశయాన్ని ఎముకకేసి నొక్కితే అక్కడి కణజాలం చచ్చిపోతుంది. ఆ మచ్చ అలా వచ్చిందే. గర్భసంచి తీసేటప్పుడు పడిన రంధ్రం చుట్టూ మామూలుగా ఇంత మచ్చ ఉండదు. రేడియేషన్ వల్ల వచ్చినది మాత్రం బాగా మొండిది. చికిత్స అయిపోయిన ఏళ్ల తర్వాత కూడా అక్కడి సన్న రక్తనాళాలు దెబ్బతింటూనే ఉంటాయి.

ఇంతకుముందు ఎన్నిసార్లు ఆపరేషన్ అయిందో తప్పకుండా అడగండి. విఫలమైన ప్రతి ఆపరేషనూ మరికొంత మచ్చ మిగులుస్తుంది. అందుకే మొదటిసారి చేసేది అనుభవమున్న చేయి కావాలని పదే పదే చెబుతుంటాను. మూత్రం బయటికొచ్చే గొట్టం దెబ్బతిన్నా, మూత్రాశయం కుంచించుకుపోయినా ప్రమాదం పెరుగుతుంది. రక్తహీనత, అదుపులో లేని షుగర్, ఇన్‌ఫెక్షన్ ఉంటే ఆపరేషన్‌కు ముందే సరిచేయాలి.

ఇక నర్సు చేతిలో ఉన్నది కాథెటర్, అంటే మూత్రాన్ని బ్యాగ్‌లోకి తెచ్చేందుకు మూత్రాశయంలో పెట్టే సన్న గొట్టం. అది మూసుకుపోతే మూత్రాశయం ఉబ్బి కొత్త కుట్లను లాగేస్తుంది.

అభ్యాసం: ఆపరేషన్ తర్వాత నాలుగో రాత్రి. రెండు గంటలుగా బ్యాగ్‌లోకి చుక్క రాలేదు, దుప్పటి తడిసింది. ముందు ఏం చేస్తారు?

దుప్పటి తీసి ట్యూబును కాథెటర్ నుంచి బ్యాగ్ దాకా వేళ్లతో వెంబడించండి. తొడ కింద నలిగిపోయి ఉండొచ్చు, మెలిక పడి ఉండొచ్చు. బ్యాగ్ మంచం కన్నా కిందే ఉందా చూడండి. అయినా రాకపోతే వెంటనే డాక్టరుకు చెప్పండి. డాక్టరు చెబితేనే కొద్దిపాటి స్టెరైల్ సెలైన్‌తో మెల్లగా కడగాలి, బలవంతం వద్దు. సొంతంగా తీసి కొత్తది పెట్టొద్దు, దాని కొన కుట్టులోకే దిగిపోవచ్చు. కాన్పు వల్ల వచ్చిన సాధారణ ఫిస్టులాకు కాథెటర్ 7 నుంచి 10 రోజులు చాలని 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. సంక్లిష్టమైనవాటికి ఎన్నాళ్లన్నది సర్జన్ నిర్ణయం.

కాథెటర్ తీశాక తడి కనిపిస్తే "మళ్లీ విడిపోయింది" అని ఆమె ముందు అనేయకండి. ఎన్నాళ్లో తడిబట్టలతో బతికి వచ్చిన మనిషి ఆమె, ఆ మాటకు కుప్పకూలిపోతుంది. రంధ్రం మూసుకునే ఉండి, దగ్గినప్పుడు మూత్రమార్గం నుంచే కారుతుండొచ్చు. దానికి చికిత్స వేరు. రెండింటినీ వేరుచేసే రంగునీళ్ల పరీక్షను 5వ పాఠంలో చేద్దాం. ఈలోగా మీ వార్డులో కాథెటర్ ఉన్న ఒక రోగి దగ్గర, గంటగంటకూ బ్యాగ్‌లో ఎంత పడిందో ఒక రోజంతా రాసిపెట్టండి.