కీమో రోజుల్లో వీడియో కాల్‌లో కలిసి పాడాలంటే

ఒడిశాలోని పర్లాకిమిడి, రాయగడ, బరంపురంలో కీమో (క్యాన్సర్‌కి మందులతో చేసే చికిత్స) చేయించుకుంటూ ఇల్లు కదలలేని మనవాళ్లకి వీడియో కాల్‌లో కలిసి పాడటం మంచి ఊరట. గుంపు ఎనిమిది మందికి మించకూడదు, 40 నిమిషాలు చాలు. అందరి మైకులూ తెరిస్తే కుదరదు: నెట్‌లో ఒక్కొక్కరి గొంతూ ఒక్కోలా ఆలస్యమై తాళం చెదిరిపోతుంది. నడిపించే మ్యూజిక్ థెరపిస్టు (సంగీతంతో ఊరటనిచ్చే నిపుణులు) గొంతే వినిపించాలి, మిగతావాళ్లు మ్యూట్‌లో పాడాలి. థెరపిస్టు జూమ్‌లో ‘ఒరిజినల్ సౌండ్’ అనే సెట్టింగ్ పెట్టుకోవాలి, లేకపోతే తంబురా శ్రుతిని జూమ్ రొదనుకుని అణిచేస్తుంది.

ముందు ఐదు నిమిషాలు నెమ్మదిగా ఊపిరి. తర్వాత పాట, తెలుగైనా ఒడియా అయినా, పాడేవాళ్లే ఎంచుకోవాలి. ఇది మాత్రం వదలొద్దు. నోటిపూత ఉంటే పెదాలు మూసి కూనిరాగం తీస్తే చాలు. వేళ్లు తిమ్మిరెక్కితే చప్పట్లు వద్దు, ఒళ్లో దిండు మీద మెల్లగా తట్టండి. ఎవరికైనా ఏడుపొస్తే పాట ఆపి మాట్లాడనివ్వండి. ఆయాసమొచ్చినా, కళ్లు తిరిగినా వెంటనే ఆపి డాక్టరుకి చెప్పాలి.