జపనీస్‌లో ‘తినడం’: తబెరు క్రియను వాడడం ఎలా?

‘తబెరు’ అంటే తినడం. మూడు అక్షరాలూ హ్రస్వాలే, ‘తబేరు’ అని సాగదీయకండి. తెలుగులోలాగే క్రియ వాక్యం చివర వస్తుంది కాబట్టి మనకు కొంత పని తగ్గినట్టే.

1. చివరి ‘రు’ తీసేసి ‘తబె’కు ప్రత్యయాలు చేర్చండి.

తబెమసు – తింటాను (చివరి ‘సు’ దాదాపు ‘స్’లా పలుకుతుంది)
తబెమసెన్ – తినను
తబెమషిత – తిన్నాను
తబెతై – తినాలని ఉంది

తిన్నాడు, తిన్నది, తిన్నారు అనే తేడాలు లేవు. ఎవరు తిన్నా తబెమషితే. ‘రు’తో ముగిసే ప్రతి క్రియకూ ఈ సూత్రం పనికిరాదు. ఇంటికి తిరిగి వెళ్లడం ‘కఎరు’. దాని రూపం ‘కఎరిమసు’. ‘కఎమసు’ అన్నారో, ‘మారుస్తాను’ అని అర్థం వస్తుంది.

2. తినే వస్తువు పక్కన ‘ఒ’ పెట్టండి. అది మన ‘ను’ లాంటిది. పన్ ఒ తబెమసు: బ్రెడ్ తింటాను. (ఈ పన్‌కీ, పావ్ భాజీలోని పావ్‌కీ మూలం పోర్చుగీసే.)

3. ‘రు’ బదులు ‘తె’ చేర్చండి. ఎక్కువ సమయం ఇవ్వాల్సింది ఇక్కడే. ‘తబెతె’ అంటే అచ్చంగా మన ‘తిని’.

తబెతె మిమసు – తిని చూస్తాను. ‘మిరు’ అంటే చూడడమే, మాటకు మాట సరిపోయింది.
తబెతె ఇమసు – తింటున్నాను.
తబెతె షిమైమషిత – తినేశాను. మన మాటలో లేకపోయినా, జపనీస్‌లో దీని వెనక తరచూ ‘అయ్యో’ ఉంటుంది.

మనవాళ్లు తడబడేది ఒక జవాబు దగ్గర. “మో తబెమషిత క?” (అప్పుడే తిన్నారా?) అని అడిగితే, ‘ఇంకా తినలేదు’ అనడానికి “తబెమసెన్ దెషిత” అనేస్తారు. తెలుగులో రెండిటికీ ‘తినలేదు’ ఒక్కటే కావడం వల్ల వచ్చే తప్పిది. అలా అంటే ఆ పూట తినకుండానే గడిచిపోయిందని అర్థం. సరైన జవాబు: “మద తబెతె ఇమసెన్.”

4. అన్నిటికీ తబెరు వాడకండి. మాత్రలు మింగడానికి ‘నొము’, అంటే తాగడం: కుసురి ఒ నొమిమసు. గిన్నె ఎత్తి తాగే మిసో సూప్‌కీ అదే.

పెద్దలకు, అతిథులకు వడ్డించేటప్పుడు “మెషిఅగత్తె కుదసై” అనండి. మీ గురించి మాత్రం ‘మెషిఅగరు’ వాడకూడదు. “నేను ఆరగించాను” అంటే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంటుంది.