అరుదైన డిగ్రీ కోసం విదేశాలకు వెళ్లే ముందు జాగ్రత్తలు

దరఖాస్తుల గడువులు దగ్గరపడుతున్నాయి. అమెరికాలోని కనెక్టికట్ విశ్వవిద్యాలయంలో బొమ్మలాట కళ, స్కాట్లాండ్‌లోని డండీలో ఉన్న అబర్టే విశ్వవిద్యాలయంలో ఎథికల్ హ్యాకింగ్, అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో బ్యాగ్‌పైప్ వాద్యం... ఇలాంటి చదువు మీద మనసు పడితే వెనకాడకండి. డబ్బు కట్టే ముందు మాత్రం ఇవి చూసుకోండి.

చదువు తర్వాత పని అనుమతి: భారీగా నష్టపోయేది ఇక్కడే. అమెరికాలో ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద చదివేవారికి ఓపీటీ, అంటే చదివిన రంగంలో పనిచేసే తాత్కాలిక అనుమతి, సాధారణంగా 12 నెలలు; స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలోని డిగ్రీకైతే మరో 24 నెలలు పొడిగింపు కోరవచ్చు. దాన్ని తేల్చేది కోర్సు పేరు కాదు, ఐ-20 పత్రంలోని (వీసా కోసం విద్యాసంస్థ ఇచ్చే పత్రం) సీఐపీ కోడ్, అంటే చదువు ఏ రంగానిదో చెప్పే సంఖ్య. పేరులో సైన్స్ ఉందని నమ్మి అప్పు చేయకండి. కోడ్ ముందే అడిగి తెలుసుకోండి.

పట్టా స్థాయి: బ్రిటన్‌లో ఫౌండేషన్ డిగ్రీ పూర్తి బ్యాచిలర్ డిగ్రీ కాదు. దాన్ని బ్యాచిలర్ డిగ్రీగా మార్చుకోవాలంటే పై చదువు, అదనపు ఖర్చు ఉంటాయి.

విభాగం బలం: ఒకరిద్దరు అధ్యాపకులపై నడిచే కోర్సు వారు వెళ్లిపోతే కుంటుపడుతుంది. మధ్యలో మూసేస్తే మీ చదువు ఎలా పూర్తి చేయిస్తారో రాతపూర్వకంగా అడగండి.

ఆడిషన్, పోర్ట్‌ఫోలియో తేదీలు: దరఖాస్తు గడువుకు వేరుగా ఉండవచ్చు.

పూర్వ విద్యార్థులు: ప్రచార పత్రంలో కనిపించేవారితో సరిపెట్టుకోకండి. అయిదేళ్ల క్రితం పట్టా తీసుకున్నవారు ఇప్పుడు ఏ పనిలో ఉన్నారో వాకబు చేయండి.