ఒకే యాంటెన్నాకు రెండు రేడియోలా?
నిమజ్జనం రోజు హుస్సేన్‌సాగర్ దగ్గర హామ్ (ఔత్సాహిక రేడియో) సెట్లు పెట్టేవారు ముందే చూసుకోవలసినవి:

• టీ కనెక్టర్‌తో (ఒక తీగను రెండుగా చీల్చే T ఆకారపు ముక్కతో) రెండు సెట్లను కలపవద్దు. ఒకటి 25 వాట్లు వదిలితే రెండో దాని రిసీవర్ మాడిపోతుంది. మైక్రోవోల్టుల కోసం చెవి రిక్కించే ప్రాణం అది.

• 145, 435 మెగాహెర్ట్జ్ సెట్లకు రెండు బ్యాండ్లను (పౌనఃపున్య శ్రేణులను) వేరుచేసే డైప్లెక్సర్ పెట్టండి. అయినా నిశ్చింత లేదు. 145ను మూడుతో హెచ్చిస్తే సరిగ్గా 435! మూడో హార్మోనిక్ (అసలు పౌనఃపున్యానికి మూడు రెట్ల దగ్గర పుట్టే అనవసరపు సిగ్నల్) వచ్చి రెండో సెట్టు మీదే కూర్చుంటుంది. ఒకదాని పౌనఃపున్యాన్ని కాస్త జరపండి.

• రెండూ ఒకే బ్యాండువైతే డైప్లెక్సర్ దండగ. స్విచ్చి చాలు, వంతులవారీగా మాట్లాడుకోవచ్చు.

• సిగ్నల్‌ను రెండుగా పంచే స్ప్లిటర్ రిసీవర్లకే. ఒక్కోదానికి మహా అయితే సగం సిగ్నలే అందుతుంది.

• కనెక్టర్‌కు టేపు కింది నుంచి పైకి చుట్టండి. ఇంటి పెంకుల్లా వాననీటిని జార్చేస్తుంది.