పెరటిలో ఏపుగా పెరిగిన చెట్టును తొలగించే విధానం

నెల్లూరు తీరానికి అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుఫానుల కాలం గనుక, ఇంటి మీదికి వాలిన వేప, బాదం చెట్లను వేసవిలోనే తొలగించుకోవడం మంచిది. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం చెట్ల నరికివేతను నియంత్రిస్తుంది కాబట్టి, గొడ్డలి పట్టకముందే అనుమతి విషయం అటవీ అధికారులను అడగాలి. కరెంటు తీగలు దగ్గరుంటే, విద్యుత్ సిబ్బంది సరఫరా నిలిపేదాకా ఎవరినీ చెట్టు ఎక్కనివ్వకూడదు. ఇక్కడ తొందర ప్రాణం తీస్తుంది.

మొదట పై కొమ్మలను మోకుతో కట్టి, ఒక్కొక్కటిగా కోసి కిందికి దించాలి. గూళ్లలో పిల్లలుంటే, అవి ఎగిరిపోయేదాకా ఆగమని నా మనవి. తర్వాత మాను పడవలసిన వైపు, మందంలో నాలుగో వంతు లోతున గాటు పెట్టి, ఎదురు వైపు దానికి కాస్త పైన కోస్తూ, నడుమ కొంత చెక్కను కోయకుండా వదిలితే, అదే మడతబందులా చెట్టును అనుకున్న దిక్కుకు వంచుతుంది. మొద్దు చుట్టూ తవ్వి, వేర్లు తెంచి, గుంత పూడ్చాలి.