సాప్ పీఎమ్‌లో ఏ మెషిన్ రెడీగా ఉందో, ఏది ఆగిపోయిందో కనిపించాలంటే

సాప్ పీఎమ్ (సాప్ సాఫ్ట్‌వేర్‌లో మెషిన్ల మెయింటెనెన్స్ చూసుకునే భాగం) వచ్చి ఏళ్లు గడిచిన ప్లాంట్లలో కూడా పొద్దున మీటింగ్‌లో "రెండో కంప్రెసర్ ఏమైంది?" అని అడిగితే అందరూ ఫోన్లే తీస్తారు. సాప్‌లో జవాబు లేక కాదు. మెషిన్ ఎక్కడుంది, ఎలా ఉంది, ఎంతసేపు ఆగింది అనే మూడు సంగతుల్నీ మనం ఒకేచోట వెతుకుతాం, సాప్ మాత్రం మూడింటినీ మూడు చోట్ల పెడుతుంది. ఆ తేడా పట్టుకుంటే మిగతాదంతా సెట్టింగుల పని.

ముందు మొదటిది. ఐఈ03 (ఒక్కో ఎక్విప్‌మెంట్, అంటే మెషిన్, వివరాలు చూసే స్క్రీన్) తెరవగానే స్టేటస్ దగ్గర ఏవీఎల్‌బీ (అవైలబుల్) అని కనిపిస్తే మెషిన్ బాగానే ఉందనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది సిస్టమ్ స్టేటస్, సాప్ తనంతట తాను పెట్టేది. ఆ ఎక్విప్‌మెంట్ ఏ ఫంక్షనల్ లొకేషన్‌లోనూ (ప్లాంట్‌లో మెషిన్ కూర్చునే చోటు) బిగించి లేదని మాత్రమే అది చెబుతుంది. బిగిస్తే ఐఎన్‌ఎస్‌టీ (ఇన్‌స్టాల్డ్) అవుతుంది. అంటే, కాలిపోయి రివైండింగ్ షాపుకెళ్లిన మోటార్‌ని లొకేషన్ నుంచి తీసినట్టు ఎంట్రీ చేస్తే అది ఏవీఎల్‌బీ చూపిస్తుంది, సీల్ పోయి బెడ్ మీదే ఆగిపోయిన పంపేమో ఐఎన్‌ఎస్‌టీ చూపిస్తుంది. రెండూ పనిచేయవు! కాబట్టి ఈ స్టేటస్‌ని "ఎక్కడుంది" అన్న ప్రశ్నకే వాడండి, ఆరోగ్యం సంగతి దీన్ని అడగొద్దు.

ఆరోగ్యానికి యూజర్ స్టేటస్ కావాలి, అది మనం తయారుచేసుకునేది. బీఎస్02 స్క్రీన్‌లో ఒక స్టేటస్ ప్రొఫైల్ (మన స్టేటస్‌ల జాబితా) తెరిచి, ఆబ్జెక్ట్ టైప్స్‌లో ఎక్విప్‌మెంట్‌కి టిక్ పెట్టి, తర్వాత కస్టమైజింగ్‌లో, అంటే సాప్ సెట్టింగుల్లో, దాన్ని ఎక్విప్‌మెంట్ కేటగిరీకి తగిలించాలి (టిక్ మర్చిపోతే తగిలించే దగ్గర ఆగిపోతారు, సెట్టింగ్ చేసేవాళ్లకి గుర్తుచేయండి). ముందే క్రియేట్ అయి ఉన్న ఎక్విప్‌మెంట్లకి ఈ ప్రొఫైల్ తనంతట తాను రాకపోవచ్చు, అందుకే టెస్ట్ సిస్టమ్‌లో రెండు మూడు పాత వాటి మీద చూశాకే లైవ్‌కి వెళ్లండి.

ఎన్ని స్టేటస్‌లు పెట్టాలి? కమిటీ వేస్తే ఇరవై వస్తాయి. అయిదు చాలు: 10 సిద్ధం, 20 పరిమితంగా నడుస్తోంది, 30 ఆగింది, 40 బయటికి పంపాం, 50 ట్రయల్. "నడుస్తోంది", "స్టాండ్‌బై" అని విడివిడిగా పెట్టకండి. ఎ పంపు ఆపి బి పంపు వేసిన ప్రతిసారీ షిఫ్ట్ వాళ్లు ఐఈ02లోకి (ఎక్విప్‌మెంట్ వివరాలు మార్చే స్క్రీన్) వెళ్లి రెండు ఎక్విప్‌మెంట్లు మార్చాలంటే వారం చేస్తారు, ఆ తర్వాత ఎవరూ చేయరు. నడుస్తున్నదీ, అవసరమైతే వెంటనే నడపగలిగేదీ, రెండూ సిద్ధమే.

ఆ నంబర్లు ఊరికే పెట్టినవి కావు. నంబర్ ఉన్న స్టేటస్ ఒక్కసారికి ఒక్కటే ఉంటుంది, పైగా ప్రతిదానికీ లోయెస్ట్, హైయెస్ట్ అని రెండు గడులుంటాయి, అక్కడి నుంచి ఏ నంబర్ల మధ్యకి వెళ్లనివ్వాలో వాటిలో చెప్పొచ్చు. 40కి లోయెస్ట్ 40, హైయెస్ట్ 50 అని పెడితే రివైండింగ్ నుంచి వచ్చిన మోటార్‌ని ఎవరూ నేరుగా "సిద్ధం" చేయలేరు, ట్రయల్ మీదుగా రావాల్సిందే. నాకైతే ఈ ప్రొఫైల్ మొత్తంలో బాగా పనికొచ్చేది ఇదే. ఇక నంబర్ లేని స్టేటస్‌లు ఎన్నైనా పక్కన చేరతాయి కాబట్టి "స్పేర్ రావాలి" లాంటివి అలా పెట్టుకోండి. అప్పుడు 30తో పాటు అదీ కనిపిస్తుంది, స్టోర్స్ వాళ్లతో వాదనకి పనికొస్తుంది.

స్టేటస్ ఎప్పుడు మారింది, ఎవరు మార్చారు అన్నది తర్వాత కావాలంటే స్టేటస్ ఛేంజ్ డాక్యుమెంట్స్ మొదటి రోజు నుంచే ఆన్‌లో ఉండాలి. ఆ రికార్డులు జేసీడీఎస్ టేబుల్‌లో పడతాయి. ఆన్ చేయకముందు జరిగిన మార్పుల్ని తర్వాత తవ్వి తీయలేం.

మూడోది, ఎంతసేపు ఆగింది. ఇది ఎక్విప్‌మెంట్ మాస్టర్‌లో (మెషిన్ అసలు రికార్డు) ఉండదు, మెషిన్ పాడైందని సాప్‌లో వేసే నోటిఫికేషన్‌లో ఉంటుంది. నోటిఫికేషన్ వేసే స్క్రీన్ ఐడబ్ల్యూ21లో ఎమ్2 (మాల్‌ఫంక్షన్ రిపోర్ట్) టైప్ తీసి, బ్రేక్‌డౌన్ టిక్ పెట్టి, మాల్‌ఫంక్షన్ స్టార్ట్, ఎండ్ రెండూ నింపాలి. లెక్కలన్నీ చెడేది ఇక్కడే. మెషిన్ రాత్రి 2:10కి ట్రిప్ అయింది, నోటిఫికేషన్ పొద్దున 9:05కి వేశారు, స్టార్ట్ టైమ్‌లో సిస్టమ్ వేసిన టైమ్‌నే వదిలేశారు. దాదాపు ఏడు గంటల డౌన్‌టైమ్ గాల్లో కలిసిపోయింది. లాగ్‌బుక్‌లో ఉన్న టైమే ఎక్కించాలని షిఫ్ట్ వాళ్లకి గట్టిగా చెప్పండి. ఎండ్ టైమ్ అంటే ఫిట్టర్ పని ముగించిన టైమ్ కాదు, ప్రొడక్షన్ వాళ్లు మెషిన్‌ని తిరిగి తీసుకున్న టైమ్. ఈ ఒక్క విషయం మీద రెండు డిపార్ట్‌మెంట్లూ ముందే ఒప్పుకోకపోతే నెలాఖరులో గొడవ తప్పదు.

స్టాండ్‌బై మెషిన్ పాడైతే బ్రేక్‌డౌన్ టిక్ పెట్టాలా? ప్రొడక్షన్ ఆగలేదు కదా అని చాలామంది పెట్టరు. నా ఉద్దేశంలో మెషిన్ నడిచే స్థితిలో లేకపోతే టిక్ పెట్టాలి, ప్రొడక్షన్ మీద ప్రభావం ఉందా లేదా అన్నది ఎఫెక్ట్ ఫీల్డ్‌లో చెప్పాలి. మీ ప్లాంట్‌లో వేరే రూల్ ఉంటే ఉండనివ్వండి, కానీ రాసి పెట్టుకోండి.

ఇంకొకటి: ఎమ్2 వేసినంత మాత్రాన ఎక్విప్‌మెంట్ యూజర్ స్టేటస్ 30కి మారదు. స్టాండర్డ్‌లో ఆ లింక్ లేదు, కావాలంటే డెవలపర్ చేత రాయించుకోవాలి. రాయించేదాకా నోటిఫికేషన్ వేసే మనిషే స్టేటస్ కూడా మార్చాలి. ఇద్దరికి పంచితే ఒకరి మీద ఒకరు వదిలేస్తారు.

పర్సెంటేజీ లెక్క సులువే. 30 రోజుల నెలకి 720 గంటలు. మెషిన్ మూడుసార్లు ఆగి మొత్తం 18 గంటలు పోతే, నడిచింది 702. అవైలబిలిటీ 97.5 శాతం. రిపేరుకి సగటున 6 గంటలు, రెండు ఫెయిల్యూర్ల మధ్య సగటున 234 గంటలు. 234ని 240తో భాగించినా అదే 97.5 వస్తుంది. ఇందులో ప్లాన్డ్ షట్‌డౌన్ కలిపారా లేదా అన్నది రిపోర్ట్ పైనే రాయండి. సగటుల కోసం ఎక్విప్‌మెంట్‌కి ఎంసీజేబీ, ఫంక్షనల్ లొకేషన్‌కి ఎంసీజేసీ అనే రిపోర్ట్‌లు ఉన్నాయి. మోటార్లు చోట్లు మారే ప్లాంట్‌లో రెండూ చూడాలి. మోటార్ మారుస్తున్నా ఒకే లొకేషన్‌లో పదేపదే పోతోందంటే తప్పు మోటార్‌ది కాకపోవచ్చు, అలైన్‌మెంటో ఫౌండేషనో చూడండి.

పొద్దున మీటింగ్‌కి ఐహెచ్08 (ఎక్విప్‌మెంట్ల లిస్ట్ చూపే స్క్రీన్) సరిపోతుంది. మీ ప్లాంట్ నింపి, స్టేటస్ గడిలో 30 తాలూకు కోడ్ ఇచ్చి, యూజర్ స్టేటస్ కాలమ్‌ని లేఅవుట్‌లోకి తెచ్చి, వేరియంట్‌గా సేవ్ చేసుకోండి. అంతే, మళ్లీ నింపాల్సిన పని లేదు.

వారానికోసారి, సోమవారం అనుకోండి, నోటిఫికేషన్ల లిస్ట్ చూపే ఐడబ్ల్యూ29లో ఇంకా క్లోజ్ కాని ఎమ్2లు, బ్రేక్‌డౌన్ టిక్ ఉన్నవి మాత్రమే తీసి ఐహెచ్08 లిస్ట్ పక్కన పెట్టండి. స్టేటస్ 30లో ఉండి నోటిఫికేషన్ లేనివి, నోటిఫికేషన్ ఉండి స్టేటస్ "సిద్ధం" అని ఉన్నవి, మెషిన్ నడుస్తున్నా ఎండ్ టైమ్ ఖాళీగా ఉన్నవి, మూడు రకాలూ బయటపడతాయి. ఆ షిఫ్ట్ ఇన్‌చార్జ్‌కి అదే రోజు ఫోన్ చేసి సరిచేయించండి, లాగ్‌బుక్ ఇంకా ఆయన టేబుల్ మీదే ఉంటుంది కాబట్టి టైమ్ చూసి చెప్పగలుగుతారు.